‘ఏవైనా మూడు రోజులు రండి’ అనే రూలు తీసేయండి

విజయవాడ, గన్నవరం, మంగళగిరి, గుంటూరులలో హైబ్రిడ్ పద్ధతిలో (కొన్ని రోజులు ఆఫీసులో, కొన్ని రోజులు ఇంటి నుంచి పని) ఆఫీసులు నడుపుతున్న కంపెనీల యాజమాన్యాలకు, హెచ్‌ఆర్ వారికి, టీమ్ మేనేజర్లకు

నమస్కారం.

ఈ ఉత్తరం రాస్తున్నవాళ్లం ఆఫీసుల్లో సీటింగ్ ప్లాన్లు గీసేవాళ్లం, నెట్‌వర్క్ కేబుళ్లు లాగేవాళ్లం, ఏసీలూ కరెంటూ చూసేవాళ్లం, క్యాబ్ రూట్లు వేసేవాళ్లం. ఉద్యోగులు ఆఫీసుకు ఎందుకు రావడం లేదని మీరు సర్వేలు పెట్టి అడుగుతున్నారు. మాకు ఆ జవాబు ఖాళీ కుర్చీల్లో, బుక్ చేసి వదిలేసిన సీట్లలో, సగం మీటింగులో తలుపు తెరిచేసిన రూముల్లో కనిపిస్తుంది. అందులో బద్ధకం పాలు చాలా తక్కువ, లెక్క పాలు చాలా ఎక్కువ.

మా విన్నపం ఒక్కటే. ‘వారంలో ఏవైనా మూడు రోజులు రండి’ అనే నిబంధన తీసేయండి. ఏ టీమ్ ఏ రెండు రోజులు కలిసి కూర్చోవాలో ముందుగా తేల్చి చెప్పండి. తక్కిన రోజులు ఎక్కడ పని చేయాలన్నది ఉద్యోగికి వదిలేయండి.

‘ఏవైనా మూడు రోజులు’ అనే మాట వినడానికి ఉదారంగా ఉంటుంది. కాగితం మీద పెడితే దాని లోటు తెలుస్తుంది. ఆరుగురున్న టీములో ఎవరికి వారు, పక్కవాళ్లను అడక్కుండా, ఐదింట్లో మూడు రోజులు ఎంచుకున్నారనుకోండి. ఫలానా రోజున ఒక మనిషి ఆఫీసులో ఉండే అవకాశం 0.6. ఆరుగురూ ఉండాలంటే 0.6ను ఆరుసార్లు గుణించాలి, 0.047 వస్తుంది. ఐదు రోజులకూ కలిపితే 0.23. అంటే టీమంతా ఒకచోట కూర్చునేది నాలుగు వారాలు దాటితే ఒక రోజు. నలుగురి టీమైతే మూడు వారాల్లో రెండు రోజులు. ఎనిమిది మందైతే పన్నెండు వారాలకు ఒక రోజు. ఇద్దరి సంగతే చూసినా, పదింట మూడుసార్లు వాళ్లు వారంలో ఒక్కరోజే ఎదురుపడతారు.

మనిషి గుంటూరు నుంచి పొద్దున్నే బయల్దేరి, ఆఫీసులో కూర్చుని, హెడ్‌ఫోన్ పెట్టుకుని, ఇంటి నుంచి పని చేస్తున్న సహోద్యోగితో కాల్‌లో మాట్లాడుతున్నారంటే ఈ లెక్కే కారణం. ఒకసారి అలా జరిగితే సర్దుకుంటారు. మూడోసారికి రావడం మానేస్తారు. మీరు హాజరు రిపోర్టు తీసి మెమో పంపుతారు. అప్పటి నుంచి కార్డు గీకి, టీ తాగి, పదకొండింటికల్లా వెనక్కి వెళ్లే అలవాటు మొదలవుతుంది. హాజరు అంకె పెరుగుతుంది, కలిసి చేసిన పని మాత్రం పెరగదు.

ఎంచుకునే వీలు ఉద్యోగికి ఇస్తే పని చెడుతుందన్న భయం మీకు ఉంటుంది. ఆ భయానికి గట్టి జవాబు చైనాలోని సీట్రిప్ అనే ట్రావెల్ కంపెనీ కాల్‌సెంటర్‌లో 2010 చివర మొదలై తొమ్మిది నెలలు సాగిన ప్రయోగంలో ఉంది. ఇంటి నుంచి పనిచేసినవారి పనితీరు 13 శాతం మెరుగుపడింది. ఆ తర్వాతి ఘట్టం ఎవరూ పెద్దగా చెప్పుకోరు, మాకు మాత్రం అదే ముఖ్యం. ప్రయోగం ముగిశాక ఇల్లా, ఆఫీసా అని మళ్లీ ఎంచుకోమంటే సగానికి పైగా చోటు మార్చుకున్నారు. ఇంట్లో ఒంటరితనం భరించలేనివాళ్లు ఆఫీసుకు తిరిగి వచ్చారు. అలా ఎవరికి కుదిరిన చోటికి వాళ్లు చేరాక పనితీరులో మెరుగుదల 13 నుంచి 22 శాతానికి చేరింది. అదే కంపెనీ తర్వాత వారంలో రెండు రోజులు ఇంటి నుంచి పనిచేసే పద్ధతిని 1,612 మంది మీద పరీక్షించింది. ఆ ఫలితాలు 2024లో వచ్చాయి. పనితీరు మదింపుల్లో తేడా లేదు, ఉద్యోగం మానేసేవాళ్లు మాత్రం మూడో వంతు తగ్గారు.

మొదటి ప్రయోగంలోనే ఒక హెచ్చరిక కూడా ఉంది. ఇంటి నుంచి పనిచేసినవాళ్లకు, వాళ్ల పనితీరుతో పోల్చి చూస్తే, ప్రమోషన్లు తక్కువ వచ్చాయి. కళ్లెదుట కనిపించేవాళ్లే గుర్తుంటారు. మీ మేనేజర్లు మదింపు రాసేటప్పుడు ముందు పని ఫలితాల పట్టిక చూసి మార్కులు వేయాలి, హాజరు పట్టిక ఆ తర్వాతే వాళ్ల చేతికి ఇవ్వాలి. ఈ వరస మార్చడానికి ఒక్క రూపాయి ఖర్చు కాదు.

రేపు ఆఫీసుకు వెళ్లాలా వద్దా అన్నది చాలామంది ముందురోజు రాత్రి భోజనాల వేళ తేల్చుకుంటారు. అప్పుడు మనసులో తిరిగే ప్రశ్నలు నాలుగు: రేపు అక్కడ ఎవరుంటారు, నాకు సీటు దొరుకుతుందా, కాల్ మాట్లాడుకోవడానికి చోటుంటుందా, ప్రయాణానికి ఎంత పోతుంది. మీరు కదిలించగలిగేది ఈ నాలుగింటినే.

మొదట ప్రయాణం. గుంటూరు బ్రాడీపేట నుంచి బెంజి సర్కిల్‌కు దాదాపు 35 కిలోమీటర్లు. గన్నవరం దాకా అయితే 50 దాటుతుంది. బండి మీద బెంజి సర్కిల్‌కు వచ్చిపోతే 70 కిలోమీటర్లు. లీటరుకు 50 ఇచ్చే బండికి 1.4 లీటర్ల పెట్రోలు, రోజుకు 150 రూపాయలు అనుకోండి. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ బస్సుల్లో మహిళలకు టికెట్ లేదు కాబట్టి వాళ్లకు డబ్బు ఖర్చు బాగా తగ్గింది. సమయం మాత్రం అంతే పడుతోంది. ఇంటి నుంచి గుంటూరు బస్టాండుకు ఇరవై నిమిషాలు, అక్కణ్నుంచి పండిట్ నెహ్రూ బస్టాండుకు గంట, మళ్లీ గన్నవరం వైపు బస్సు పట్టుకుని రామవరప్పాడు రింగు దాటి కేసరపల్లి చేరడానికి ముప్పావు గంట. బస్సు కోసం నిలబడ్డ సమయం కలపకుండానే రోజుకు నాలుగు గంటలు. పటమటలో ఉండే ఉద్యోగికి ఇదే ఆఫీసు అరగంట దూరం. ఇద్దరికీ ఒకే రూలు పెట్టి సమానంగా చూస్తున్నామంటే అది సమానం కాదు.

ఇల్లు ఉచితం అనుకోవడం కూడా పొరపాటే. మే నెలలో, రోహిణి కార్తె ఎండల్లో, టన్నున్నర ఏసీ ఎనిమిది గంటలు నడిస్తే ఏడు నుంచి తొమ్మిది యూనిట్లు కాలుతుంది. మన గృహ టారిఫ్‌లో 225 యూనిట్లు దాటాక యూనిట్ 8 రూపాయల 75 పైసలు, 400 దాటాక 9 రూపాయల 75 పైసలు. పగటి ఏసీయే ఆ ఇంటిని పై స్లాబులోకి నెడుతుంది. సర్దుబాటు చార్జీలు వదిలేసినా రోజుకు 60 రూపాయలకు తక్కువ కాదు. ఎండాకాలంలో విజయవాడలో ఉండేవాళ్లు ఆఫీసుకు ఎక్కువగా రావడానికీ, గుంటూరువాళ్లు తక్కువగా రావడానికీ ఈ రెండు అంకెలే చాలావరకు కారణం. ఊళ్లో ఉండేవాళ్లకు ఏసీ ఖర్చు బరువు, దూరం నుంచి వచ్చేవాళ్లకు పెట్రోలూ ఎండా బరువు.

అమెరికా క్లయింట్లున్న టీములకు ఇంకో చిక్కు ఉంది. న్యూయార్కులో పొద్దున తొమ్మిది అంటే మనకు మార్చి నుంచి నవంబరు దాకా సాయంత్రం ఆరున్నర, మిగతా నెలల్లో ఏడున్నర. తొమ్మిదింటికి ఆఫీసుకు రమ్మని, ఆరింటికి వదిలి, ఆరున్నరకు కాల్‌లో ఉండమంటే ఆ మనిషి ఆ సమయానికి వారధి మీదో, కాజ టోల్‌గేటు దగ్గరో ఉంటారు. బస్సులో నిలబడి రోజువారీ స్టాండప్ మీటింగులో మాట్లాడతారు. దీనికి రెండే దారులు. టీమ్ కలిసే రోజున సాయంత్రం కాల్ పెట్టకండి, ఆ రోజుకు మెయిల్‌తో సరిపెట్టండి. అది కుదరకపోతే ఆ రోజు ఆఫీసు పది నుంచి నాలుగింటి వరకే ఉంచండి. రాత్రి కాల్ ముగిసేదాకా ఆఫీసులోనే ఉండమంటే క్యాబ్ మీదే. యజమాని ఏర్పాటు చేసిన వాహనం కూడా 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం ప్రకారం పనిస్థలమే. డ్రైవర్ల వివరాలు, రూటు, దిగే క్రమం రాసి ఉంచడం మీ బాధ్యత. చివరగా దిగే మనిషి ఆడమనిషి కాకుండా రూటు వేయడం క్యాబ్ పని తెలిసిన ఎవరికైనా పది నిమిషాల పని.

ఇక సీట్ల సంగతి. వందమంది ఉన్న ఆఫీసులో రోజుకు సగటున 60 మంది వస్తారు కాబట్టి 60 సీట్లు చాలనుకుంటే తప్పు. ఎవరికి వారు విడివిడిగా నిర్ణయించుకుంటే హాజరు 60కి అటూ ఇటూ ఐదేసి చొప్పున ఊగుతుంది. 70 సీట్లుంటే ఏడాది 250 పనిదినాల్లో నాలుగు రోజులు తప్ప ఇబ్బంది రాదు. ఇది కాగితం మీది మాట. అసలు జరిగేది వేరు. తెనాలి, బాపట్ల, మచిలీపట్నం వైపు సొంతూళ్లున్నవాళ్లు శుక్రవారం ఇంటికి దగ్గర్లో ఉండాలనుకుంటారు, సోమవారం మెల్లగా తిరిగొస్తారు. కాబట్టి అందరూ మంగళ, బుధ, గురువారాలే ఎంచుకుంటారు. ఆ మూడు రోజులు 80, 90 మంది వచ్చి పడతారు. శుక్రవారం ఏసీ, లైట్లు పాతికమంది కోసం నడుస్తాయి. బుధవారం సీటు దొరకని మనిషి పాంట్రీలో బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుంటే, ఆ ఒక్క రోజు జ్ఞాపకం తర్వాతి నెలంతా పనిచేస్తుంది.

టీముల వారీగా రోజులు కడితే ఇదే ఆఫీసు సర్దుకుంటుంది. పదేసి మంది ఉన్న పది టీములు, ఒక్కో టీముకు రెండు కలిసే రోజులు. మొత్తం ఇరవై టీమ్-రోజులు, ఐదు రోజులకు పంచితే రోజుకు నాలుగు టీములు, అంటే 40 మంది ఖాయం. మూడో రోజు ఎవరిష్టం వాళ్లదైతే రోజుకు సగటున ఇరవై మంది అదనం. ఊగిసలాట ఈ ఇరవైలోనే ఉంటుంది, నలభైలో ఉండదు. అప్పుడు 70 సీట్లు ఏడాది పొడుగునా దాదాపు చాలతాయి. ఆ మూడో రోజు రావడం తప్పనిసరి చేయొద్దన్నది మా అభిప్రాయం, కానీ చేసినా ఈ లెక్క నిలుస్తుంది.

రోజులు పంచేటప్పుడు జరిగే తప్పు ఒకటుంది. పట్టిక చూడ్డానికి బాగుందని డెవలప్‌మెంట్ టీముకు సోమ-మంగళ, టెస్టింగ్ టీముకు గురు-శుక్ర ఇచ్చేస్తారు. రోజూ ఒకరితో ఒకరికి పనిపడే వాళ్లు ఇక ఎప్పటికీ కలవరు. అందుకే ముందు ఎవరికి ఎవరితో పని ఉందో రాయండి. ప్రతి టీమ్ లీడును ‘గత రెండు వారాల్లో ఏ టీము జవాబు కోసం ఎక్కువగా ఆగాల్సి వచ్చింది’ అని అడిగితే రెండు మూడు పేర్లు చెబుతారు. ఆ జతలకు కనీసం ఒక రోజు ఉమ్మడిగా పడాలి. తర్వాతే సీట్ల లెక్క. కట్టిన పట్టికను మూడు నెలలు మార్చకండి. పిల్లల్ని ట్యూషన్ నుంచి తెచ్చుకోవడం, అమ్మానాన్నల్ని ఆస్పత్రికి తీసుకెళ్లడం, పనిమనిషి వచ్చే వేళ, ఇవన్నీ ఆ పట్టిక మీద ఆధారపడి ఇంట్లో సర్దుకుంటాయి. వారం వారం మారే పట్టిక కన్నా ఏ పట్టికా లేకపోవడం నయం.

బుకింగ్ యాప్ పెట్టినచోట మేం చూసే లోపాలు దాదాపు అన్నిచోట్లా ఒకటే. ముందుజాగ్రత్తగా వారమంతా బుక్ చేసి పెట్టుకుని రానివాళ్లు ఉంటారు. పదిన్నరకల్లా వచ్చి చెక్-ఇన్ చేయకపోతే సీటు దానంతటదే విడుదల కావాలి. రెండు వారాలకు మించి ముందుగా బుకింగ్ తెరవకూడదు. కలిసే రోజున టీముకు పక్కపక్క సీట్ల వరస ముందే కేటాయించి ఉండాలి, విడివిడిగా బుక్ చేసుకోమనకూడదు. ఇది ఎందుకు ముఖ్యమో చెప్పడానికి ఎంఐటీలో థామస్ అలెన్ ఇంజనీర్ల మధ్య సంభాషణల మీద చేసి 1977లో ప్రచురించిన పరిశోధన చాలు. సీట్ల మధ్య దూరం పెరిగేకొద్దీ మాట్లాడుకోవడం వేగంగా పడిపోతుంది, 50 మీటర్లు దాటాక దాదాపు అడుగంటుతుంది. ఒకే టీమును మూడో అంతస్తులో నలుగుర్ని, ఐదో అంతస్తులో నలుగుర్ని కూర్చోబెడితే వాళ్లను ఆఫీసుకు రప్పించిన ప్రయోజనం పోయినట్టే.

ఆ చివరికి ఈ చివర కనపడేలా అడ్డుగోడలు తీసేస్తే మాటలు పెరుగుతాయన్నది ఇంకో నమ్మకం. 2018లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో రెండు పెద్ద కంపెనీల ప్రధాన కార్యాలయాల్లో పార్టిషన్లు తీసేసి కొలిచి చూస్తే ముఖాముఖి మాటలు దాదాపు 70 శాతం తగ్గాయి, మెయిళ్లు, మెసేజ్‌లు పెరిగాయి. అందరికీ వినపడేచోట మనిషి మాట్లాడడు. పార్టిషన్ తీయడానికి పెట్టే డబ్బుతో నాలుగు ఫోన్ బూత్‌లు, అంటే ఒకరు తలుపేసుకుని కాల్ మాట్లాడుకునే చిన్న గదులు కట్టండి. మీటరున్నర పొడవు, మీటరు వెడల్పు చాలు. అందులో చిన్న ఎగ్జాస్ట్ ఫ్యానూ, ప్లగ్గూ తప్పనిసరి. ఫ్యాన్ లేని బూత్‌లో మన ఎండలకు పావుగంట కన్నా ఎక్కువసేపు ఎవరూ కూర్చోలేరు. పాతిక సీట్లకు రెండు బూత్‌లు అన్నది మా అనుభవంలో తేలిన లెక్క.

మీటింగ్ రూముల విషయంలో కాస్త ఎక్కువే రాయాలి, ఎందుకంటే మన ఊళ్లలో ఆఫీసులు చాలావరకు స్ప్లిట్ ఏసీలతో నడుస్తాయి. స్ప్లిట్ ఏసీ గదిలో గాలినే చల్లబరిచి తిప్పుతుంది, బయటి గాలి తేదు. మూడు మీటర్లు, నాలుగు మీటర్లు, ఎత్తు 2.7 మీటర్లున్న గదిలో 32 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. కూర్చుని మాట్లాడే మనిషి గంటకు దాదాపు 18 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. ఆరుగురు వదిలేది 108 లీటర్లు. తలుపు మూసి ఉంటే అరగంటలో గదిలో దాని మోతాదు 500 పీపీఎం (పది లక్షల పాళ్ల గాలిలో 500 పాళ్లు) నుంచి 2,000 దాటుతుంది. వెయ్యి దగ్గరే గది ఉక్కగా అనిపిస్తుంది. రెండు వేలకు తల బరువెక్కి ఆవులింతలు వస్తాయి. మీటింగ్ విసుగ్గా ఉందని మేనేజరు అనుకుంటాడు, ఏసీ టెంపరేచర్ తగ్గించమంటాడు. పద్దెనిమిదికి తగ్గించినా గాలి అదే గాలి. ఆరుగురికి సెకనుకు 60 లీటర్ల గాలి మారాలి, అంటే గంటకు 200 ఘనపు మీటర్లకు కొంచెం ఎక్కువ. ఆ మేరకు గాలి లాగే ఆరు అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాను, గాలి లోపలికి రావడానికి తలుపు కింద సందో, తలుపులో జాలీయో పెట్టండి. ఫ్యాను పెట్టి, చల్లదనం పోతుందని తలుపు చుట్టూ రబ్బరు బీడింగు వేసేవాళ్లున్నారు. లోపలికి దారి లేకపోతే ఫ్యాను తిరుగుతుంది గానీ గాలి కదలదు. హాల్లోకి కూడా ఎక్కడో ఒకచోట బయటి గాలి రావాలి, లేకపోతే హాలు చెడుగాలే రూములోకి వస్తుంది. కొన్ని వేల రూపాయల్లో కార్బన్ డయాక్సైడ్ మీటరు దొరుకుతుంది. ఒకటి కొని వారం చొప్పున ఒక్కో రూములో పెట్టి చూడండి.

సగం మంది రూములో, సగం మంది ఇంట్లో ఉండే మీటింగు అన్నిటికన్నా పాడైపోయేది. బల్ల చివర ఒక లాప్‌టాప్ పెట్టి ఆరుగురు మాట్లాడతారు. లాప్‌టాప్ మైకు మీటరున్నర దాటితే మాటను గది ప్రతిధ్వనితో కలిపి పట్టుకుంటుంది. గాజు గోడలుంటే మరీను. ఇంట్లో ఉన్నవాళ్లు రెండుసార్లు ‘మళ్లీ చెప్పండి’ అంటారు, మూడోసారి ఊరుకుంటారు. దీనికి పద్ధతి తేలిక. ఒక్కరు దూరంలో ఉన్నా బల్ల మధ్యలో అన్ని వైపులా పట్టే స్పీకర్‌ఫోన్ ఒకటి పెట్టండి. దాన్ని కలిపిన లాప్‌టాప్ తప్ప రూములో మిగతా అన్నిటి మైకూ స్పీకరూ రెండూ ఆపాలి. మైకు ఒక్కటే ఆపి స్పీకరు వదిలేసినా గొంతు తిరిగొచ్చి కీచుమంటుంది. గాజు గోడల్లో ఒకదానికి మందపాటి కర్టెను వేలాడదీయండి. ఈ ఏర్పాటు లేని రూముల్లో ఎవరి సీటులో వాళ్లు హెడ్‌సెట్ పెట్టుకుని కాల్‌లో చేరడమే మేలు.

సీటు అంటే బల్లా కుర్చీ మాత్రమే అనుకోకండి. ప్రతి బల్ల మీద మానిటరు, దానికి టైప్-సీ, హెచ్‌డీఎంఐ రెండు రకాల కేబుళ్లు, పనిచేసే రెండు ప్లగ్గులు ఉండాలి. కేబుళ్లను బల్లకు టైతో కట్టేయాలి, లేకపోతే వారంలో మీటింగ్ రూములకు వెళ్లిపోతాయి. ఏ బల్ల దగ్గర ప్లగ్గు పోయిందో చూడ్డానికి హౌస్‌కీపింగ్ వారి చేతిలో టెస్టరు పెట్టి సోమవారం పొద్దున ఒక చుట్టు వేయిస్తే చాలు. సొంత బల్ల లేని మనిషికి తాళం వేసుకునే లాకరు ఇవ్వాలి. క్యారియరు తెచ్చుకునేవాళ్లు చాలామంది. పాంట్రీలో 60 మందికి ఒకే మైక్రోవేవ్ ఉంటే మధ్యాహ్నం ఒంటిగంటకు పావుగంట లైను. రెండోది పెట్టండి. చిన్న విషయమే, కానీ రాత్రి భోజనాల దగ్గర వేసుకునే లెక్కలో ఇది కూడా వస్తుంది.

ఇంటి వైపు చూస్తే, మీరు ‘ఇంటి నుంచి పని’ అని ఒక్క మాటలో అనేదానికి చాలా రకాల ఇళ్లున్నాయి. రెండు పడగ్గదుల ఫ్లాటులో అత్తమామలు, పిల్లలు, టీవీ మధ్య ఉండే కోడలికి ఆఫీసే తలుపు వేసుకోగలిగిన గది. హాస్టల్లో ముగ్గురు పంచుకునే రూములో ఉండే కుర్రవాళ్లకు మంచం తప్ప బల్ల ఉండదు. వీళ్లను ఇంటికి తోసేసి సీట్లు మిగుల్చుకోవద్దు. ఆఫీసుకు రోజూ వస్తామనేవాళ్లకు ఆ హక్కు ఉండాలి. ప్రసూతి ప్రయోజన చట్టానికి 2017లో చేసిన సవరణలో, సెలవు ముగిశాక పని స్వభావాన్ని బట్టి ఇద్దరూ ఒప్పుకున్న షరతుల మీద ఇంటి నుంచి పని ఇవ్వొచ్చని సెక్షన్ 5(5)లో ఉండేది. 50 మంది ఉద్యోగులుంటే శిశు సంరక్షణ కేంద్రం ఉండాలని అదే సవరణ చెప్పింది. 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్‌లోనూ ఈ రెండూ ఉన్నాయి. మొదటిది ఇచ్చాం కదా అని రెండోది ఎగ్గొట్టే వీలు చట్టంలో లేదు.

ఇంట్లో పనిచేసేవాళ్లకు మీరిచ్చే సామానులో అందరూ మర్చిపోయేది రూటరుకు యూపీఎస్. ఇన్వర్టరు లేని ఇంట్లో కరెంటు పోతే లాప్‌టాప్ బతుకుతుంది, నెట్ చస్తుంది. రూటరూ ఫైబరు పెట్టె కలిపి 10, 12 వాట్లు తీసుకుంటాయి. 12 వోల్టుల చిన్న డీసీ యూపీఎస్ వాటిని రెండు మూడు గంటలు నడుపుతుంది. కొనేముందు రూటరు అడాప్టరు మీద రాసున్న వోల్టులు చూడాలి, 9 వోల్టులదానికి 12 పెడితే కాలిపోవచ్చు. ఇంకో సంగతి. కొన్ని అపార్ట్‌మెంట్లలో నెట్ ఆపరేటరు సెల్లార్లో స్విచ్ పెట్టి అక్కణ్నుంచి మామూలు ఈథర్నెట్ కేబులు ఇస్తాడు. సెల్లార్లో కరెంటు పోతే ఇంట్లో ఎన్ని బ్యాటరీలున్నా నెట్ రాదు. ఫైబరు నేరుగా ఇంట్లోకి వచ్చే కనెక్షనైతే మధ్యలో కరెంటు అక్కర్లేదు. అలవెన్సు ఇచ్చే ముందు ఈ ఒక్క ప్రశ్న అడగండి: ‘మీ ఇంట్లోకి వచ్చేది ఫైబరా, కేబులా?’

ఇంటికీ ఆఫీసుకూ మధ్య మూడో చోటు గురించి రాష్ట్ర ప్రభుత్వం మాట్లాడుతోంది. 2024-29 ఐటీ, జీసీసీ (పెద్ద కంపెనీలు వేరే దేశాల్లో నడుపుకునే సొంత కేంద్రాల) విధానం 4.0 కింద పట్టణాల్లో, మండలాల్లో కూడా ఐటీ పని స్థలాలు కట్టేవారికి ప్రోత్సాహకాలిస్తామని 2025 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి ప్రకటించారు. మీ గుంటూరు ఉద్యోగులు ఇరవై ముప్ఫై మంది ఉంటే లక్ష్మీపురంలోనో అమరావతి రోడ్డులోనో ఒక హాలు మీరే తీసుకోవచ్చు. ఇలాంటివి మూతపడేది మూడు కారణాలతో. సాయంత్రం ఆరింటికి తాళం వేస్తారు, అప్పుడే అమెరికా కాల్ మొదలవుతుంది. ఫోన్ బూత్‌లు ఉండవు. ఇతర కంపెనీల వాళ్లతో ఒకే వైఫై, ఒకే ప్రింటరు వాడాల్సి వస్తుంది, మీ క్లయింటు ఆడిటరు ఒప్పుకోడు. వేరే నెట్‌వర్కు విభాగం, స్క్రీన్ పక్కనుంచి కనపడకుండా ఫిల్టరు, ప్రింటింగ్ నిలిపివేత, ఈ మూడూ రాసి ఇస్తే ఆడిటు అభ్యంతరాలు చాలావరకు తీరతాయి.

వరద రోజుల గురించి విడిగా చెప్పాలి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లు మునిగినప్పుడు రోడ్డూ లేదు, కరెంటూ లేదు, ఫోన్ సిగ్నలూ లేదు. అలాంటి రోజున ‘ఆఫీసుకు రాలేకపోతే ఇంటి నుంచి చేయండి’ అన్న మాటకు అర్థం లేదు. ఇంటి నుంచి పని ఉంది కదా అని విపత్తు సెలవును, జ్వరం సెలవును తీసేయకూడదు. మీ విధానపత్రంలో ఈ వాక్యం రాయండి: ఇంట్లో కరెంటో నెట్టో లేని రోజు, ఒంట్లో బాగోని రోజు సెలవు రోజే, ఇంటి నుంచి పనిచేసిన రోజు కాదు.

మొదట ఒక్క విభాగంలో ఎనిమిది వారాలు చేసి చూడండి. స్కూళ్లు తెరిచే జూను, దసరా, సంక్రాంతి నెలలు వద్దు, అప్పుడు హాజరు ఎలాగూ మామూలుగా ఉండదు. కార్డు గీతలు లెక్కపెట్టడం ఆ ఎనిమిది వారాలూ ఆపండి. కలిసే రోజున టీములో ఎంతమంది ఒకే వరసలో కూర్చున్నారు, పక్క టీము జవాబు కోసం పని ఎన్ని గంటలు ఆగింది, చెక్-ఇన్ లేక విడుదలైన సీట్లెన్ని, మధ్యాహ్నం మూడింటికి ఇంకా ఆఫీసులో ఉన్నవాళ్లెంతమంది, ఈ నాలుగు అంకెలు వారం వారం రాసిపెట్టండి.

పట్టిక కట్టడానికి మీ ఫ్లోరు కొలతలు, టీముల జాబితా, ఉద్యోగుల ఇళ్ల పిన్‌కోడ్లు కావాలి. పేర్లు అక్కర్లేదు. మొదటి పట్టికకు రెండు రోజుల పని పడుతుంది. వచ్చే నెల కలిసే రోజులు ఈ నెల 25వ తేదీలోపు అందరి చేతిలో ఉండాలి, ఎందుకంటే నెలవారీ క్యాబ్‌లు, హాస్టల్ రూములు, పిల్లల ఆటోలు మాట్లాడుకునేది ఆ వారంలోనే.

ఇట్లు,
విజయవాడ, గుంటూరు ఆఫీసుల్లో సీటింగ్, నెట్‌వర్క్, విద్యుత్, రవాణా పనులు చూసే ఉద్యోగులం